పటంలో చెరువు, దారిలో దాహం



చేతిలో సైకిలు, ముందు సెలవులు, దూరాన నీలంగా కొండలు. ఈ మూడూ ఉన్నవాళ్లకు ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. పొద్దున్నే బయల్దేరి, కొండల పక్కనున్న చెరువులన్నీ చూసుకొని, వెళ్లిన దారిన కాక వేరే దారిన, చీకటి పడకముందే ఇల్లు చేరాలని మీలో చాలామంది అనుకునే ఉంటారు. అదీ లారీలూ బస్సులూ తిరిగే తారురోడ్డు మీద కాదు. గ్రావెలు రోడ్డు మీద, బండ్లబాట మీద. కర్నూలు, కడప సీమల్లో అలాంటి బాటలకు కొదవలేదు. కొండలకూ కొదవలేదు. కొదవ ఉన్నది నీళ్లకు.

అందుకే బయల్దేరడానికి ముందు ఒక సాయంత్రం పటం పరచుకొని లెక్కలు వేయాలి. ఆ లెక్కలు ఎలా వేయాలో చెబుతాను. వేయకుండా వెళ్లి నేను పడ్డ తిప్పలు కూడా చెబుతాను.

కొండలు ఇచ్చిన చెరువులు

ముందు మన నేల ఎలా ఉందో చూద్దాం. నల్లమల కొండలు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి. వాటికి తూర్పున వెలిగొండలు. రెంటికీ నడుమ పొడుగాటి పల్లపు నేల. పోరుమామిళ్ల, బద్వేలు ఉన్నది ఈ పల్లంలోనే. సగిలేరు దీనిలోనుంచే దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది.

ఈ కొండల రాళ్లు వందకోట్ల ఏళ్లకు పైబడినవి. వీటిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి క్వార్ట్‌జైటు. సుత్తితో కొడితే నిప్పురవ్వలు రాల్చే గట్టిరాయి. రెండోది పొరలు పొరలుగా ఊడివచ్చే షేలు, మెత్తని రాయి. వానకూ గాలికీ మెత్తనిది అరిగిపోయి పల్లమైంది. గట్టిది నిలబడి కొండ అయింది. ఎక్కడో ఒకచోట ఏరు ఆ గట్టి కొండను కూడా కోసుకొని బయటికి వచ్చింది. అలా ఏర్పడిన ఇరుకు సందును రాతితో, మట్టితో మూసేస్తే ఏమవుతుంది? వెనుక ఉన్న పల్లమంతా చెరువవుతుంది!

కంభం చెరువు అలా పుట్టిందే. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్యనున్న సందులో కట్ట వేశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కంభం కర్నూలు జిల్లాలోనే ఉండేది. పోరుమామిళ్ల చెరువుది ఇంకా ఆసక్తికరమైన కథ. దాన్ని కట్టించినవాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. ఉదయగిరి నుంచి పాలించేవాడు. చెరువుకు అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. ఆ వివరమంతా క్రీ.శ. 1369లో రాతిమీద చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనంలో ఉంది.

ఆ ఒక్క ముక్కే ఉంటే అది మామూలు శాసనం. కానీ అందులో చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ వివరంగా చెప్పారు. నేల గట్టి బంకమన్నుగా ఉండాలి. మూడు యోజనాల నుంచి పారివచ్చే తీపినీటి ఏరుండాలి. కట్టకు ఆనుకొని కొండలుండాలి. వాటి మధ్య కట్ట మరీ పొడుగు కాకుండా, దిట్టంగా ఉండాలి. చెరువు గర్భం విశాలంగానూ లోతుగానూ ఉండాలి. పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే గని దగ్గరలో ఉండాలి. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, పని తెలిసిన మనుషులు కావాలి. ఇక దోషాలు: కట్ట నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక, నీళ్లు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం.

రెండు రాజ్యాల సరిహద్దు అన్న దోషం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అది ఇంజనీరింగు దోషం కాదు, మనుషుల దోషం. ఆనాటివాళ్లు దానినీ లెక్కలో వేసుకున్నారు!

కంభం, పోరుమామిళ్ల చెరువులను, వాటితోపాటు కర్నూలు-కడప కాలువను 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తించింది.

ఇప్పుడు మీరు పటం మీద చేయబోయేదీ ఇంచుమించు ఆ పండితుడి పనే. కొండలెక్కడ, సందెక్కడ, పల్లమెక్కడ, నీరు ఎక్కడికి చేరుతుంది అని చూడడమే.

గీతల భాష

గోడకు వేలాడే జిల్లా పటం ఈ పనికి చాలదు. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో పటం కావాలి. వారి వెబ్‌సైటులో దొరుకుతుంది. అందులో నేలమీది కిలోమీటరుకు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. మీ దారి వంకరటింకరగా ఉంటుంది కనుక స్కేలుతో కొలవలేరు. ఒక దారం తీసుకొని, తడిపి, బాట వెంబడి వంపువంపునా పరచండి. తరువాత దాన్ని స్కేలు పక్కన సాగదీసి పెట్టండి. వచ్చిన సెంటీమీటర్లను సగం చేస్తే అన్ని కిలోమీటర్లు.

పటం మీద గోధుమరంగు సన్నగీతలు కనిపిస్తాయి. ఇవి సమోన్నత రేఖలు. ఒక్కొక్క రేఖ మీద ఉన్న చోట్లన్నీ సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉంటాయి. ఈ పటాల్లో ఒక రేఖకూ పై రేఖకూ మామూలుగా 20 మీటర్ల తేడా. రేఖలు దూరదూరంగా ఉంటే నేల చదును. దగ్గరదగ్గరగా ఉంటే ఏటవాలు. మీ బాట రెండు సెంటీమీటర్లలో నాలుగు రేఖలను దాటి పైకి పోతోందనుకోండి. అంటే కిలోమీటరులో 80 మీటర్లు ఎక్కుతున్నారు. అక్కడ మీరు సైకిలెక్కడం కాదు, సైకిలే మిమ్మల్ని పట్టుకొని నడుస్తుంది! ఒకటి, ఒకటిన్నర రేఖల దాకా తొక్కవచ్చు. రెండు కొండల రేఖలు ఎదురెదురుగా వచ్చి, మధ్య కొంచెం పల్లం వదిలితే అదే కనుమ. దారులన్నీ కనుమల్లోంచే వెళ్లడానికి కారణమదే. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారి నల్లమలను దాటేది నందికనుమ దగ్గరే.

ఎక్కడానికి ఎంత శక్తి పడుతుందో లెక్క కట్టడం తొమ్మిదో తరగతి వాళ్లకు వచ్చు. పిల్లవాడు 45 కిలోలు, సైకిలు 18, సంచి రెండు. మొత్తం 65 కిలోలు. వంద మీటర్లు ఎక్కాలంటే 65 × 9.8 × 100, అంటే దాదాపు 64 వేల జౌళ్లు. కండరాలు తిన్న తిండిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేవు. కనుక రెండున్నర లక్షల జౌళ్లకు పైగా ఖర్చు. ఒక చిన్న అరటిపండు దానికి చాలు. ఇంతేనా అంటారు. ఇంతే! తిండి సమస్య కాదు. మిగతా మూడు వంతుల శక్తి వేడి అయి ఒంట్లోనే ఉండిపోతుంది చూడండి, సమస్య అది. దాని దగ్గరకు తరువాత వస్తాను.

పటంలో కనపడని కొండ ఇంకొకటుంది. గ్రావెలు రోడ్డే ఆ కొండ. తారు మీద చక్రం సాఫీగా దొర్లుతుంది. గ్రావెలు మీద ప్రతి రాయినీ ఎక్కి దిగుతుంది, మెత్తటి చోట కుంగుతుంది, రాళ్లను పక్కకు తోస్తుంది. ఈ పనులన్నిటికీ శక్తినిచ్చేది మీ కాళ్లే. రమారమి లెక్క చెప్పాలంటే, చదునైన గ్రావెలు మీద కిలోమీటరు తొక్కితే తారు మీద కంటే పది మీటర్ల ఎత్తు అదనంగా ఎక్కినంత శ్రమ. మీ చుట్టుదారిలో 25 కిలోమీటర్లు గ్రావెలు ఉంటే, సమోన్నత రేఖల్లో ఎక్కడా లేని 250 మీటర్ల కొండ ఎక్కారన్నమాట. వేగం కూడా తారు మీద గంటకు 15 కిలోమీటర్లయితే గ్రావెలు మీద పదే. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే మేలు. మెత్తని టైరు చిన్నరాయిని తనలో ఇముడ్చుకుంటుంది, సైకిలును ఎత్తెయ్యదు. మరీ తగ్గిస్తే ట్యూబు నలిగి పంక్చరవుతుంది. తుమ్మముళ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. పంపు, ప్యాచీలు, సొల్యూషను లేనిదే ఊరు దాటకండి.

నీలిరంగును నమ్మినందుకు

1997 ఉగాది మరునాడు. అప్పటికి నేను కొత్త పంతులును. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఎనిమిదిమందిని వెంటబెట్టుకొని ఇలాంటి చుట్టుదారే బయల్దేరాను. 40 కిలోమీటర్లు. దారిలో మూడు చెరువులు. ఒక్కొక్కరికి ఒక లీటరు సీసా. “దారిపొడుగునా చెరువులే కదా, మోయడమెందుకు” అన్నది నా తెలివి. నా చేతిలో ఉన్నది రోడ్డుపటం. అందులో చెరువులన్నిటికీ ఒకే నీలిరంగు.

మొదటి చెరువులో నీళ్లున్నాయి. రెండోది చేరేసరికి పదకొండయింది. అది కుంట. కట్ట ఎక్కి చూస్తే లోపల పగుళ్లిచ్చిన బురద, దానిమీద గొర్రెల అడుగులు. సీసాలు అప్పటికే ఖాళీ. అందరిలోకీ చిన్నవాడు తలనొప్పి అన్నాడు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. వాడి మొహం చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చింతచెట్టు నీడకు మోసుకుపోయాం.

అక్కడ గొర్రెలు కాస్తున్న పెద్దాయన లేచి వచ్చాడు.

“ఏం అయ్యవారూ, ఈ ఎండలో పిలకాయల్ని తోలుకొచ్చినావు?”

“కుంటలో నీళ్లుంటాయనుకున్నాం, తాతా.”

“ఉగాదికి ఈ కుంటలో నీళ్లు యాడుంటాయ్? శివరాత్రికే ఎండిపోతుంది. వంకలోకి రాండి.”

వంక కూడా ఎండిపోయే ఉంది. తెల్లని ఇసుక తప్ప ఏమీ లేదు. ఆయన ఒక వంపులో, బయటి గట్టు పక్కన, చేతులతో ఇసుక తోడాడు. మోచేతి లోతున ఇసుక తడిగా తగిలింది. ఇంకొంచెం తోడితే నీరు ఊరింది. దీన్నే చెలమ అంటారు. మొదటి రెండు దోసిళ్లూ పారబోసి, తేరుకున్నాక ముంచి ఇచ్చాడు. ముందు ఆ పిల్లవాడి తలా మెడా తడిపించి, తరువాత గుక్కగుక్కగా తాగించమన్నాడు. తన మూటలోంచి ఉప్పురాయి కూడా తీశాడు. గంటకు వాడు లేచి కూర్చున్నాడు. ఎండ తగ్గాక అందరం తారురోడ్డు దాకా నడిచి, బస్సుకు సైకిళ్లు ఎక్కించి ఇల్లు చేరాం. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంతకూ ఏం జరిగింది? ఆ రాత్రి వేసిన లెక్క ఇది. ముందు వేయవలసింది!

తొక్కేటప్పుడు పిల్లవాడి ఒంట్లో గంటకు దాదాపు తొమ్మిది లక్షల జౌళ్ల వేడి పుడుతుందనుకోండి. మన చర్మం 35 డిగ్రీలుంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉంటే కొంత వేడి గాలిలోకే పోతుంది. గాలి 40 డిగ్రీలున్నప్పుడు అది మనకే వేడినిస్తుంది. అప్పుడిక మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరయితే 24 లక్షల జౌళ్ల వేడి తీసుకుపోతుంది. అంటే ఒంట్లో పుట్టే వేడికే గంటకు లీటరులో మూడోవంతుకు పైగా చెమట కావాలి. నెత్తిమీద ఎండకు వేరే. అందుకని చలికాలంలో గంటకు అర లీటరు, ఎండ ఉన్న రోజు ముప్పావు లీటరు చొప్పున లెక్క వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ యాత్రే వద్దు. ఆరు గంటల దారికి చలికాలంలో మనిషికి మూడు లీటర్లు. చెమటలో ఉప్పు పోతుంది కనుక ఉప్పు వేసిన మజ్జిగ, లేదా లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు (చెంచాలు తలకొట్టి కొలవాలి) కలిపి పెట్టుకోండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే ఆగాలి. మాట తడబడి, మనిషి తెలివి తప్పుతుంటే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడుపుతూ, వెంటనే 108కి ఫోను చేయాలి.

తరువాత టోపో పటం తెప్పించి చూశాను. ఆ కుంటలోకి వచ్చే వంకను అందులో నల్లగీతతో వేశారు! ఆ పటాల్లో ఏడాది పొడుగునా పారే ఏటికి నీలిరంగు, ఎండిపోయే వంకకు నలుపు. గీత చూడడం వచ్చినవాడికి అది ముందే చెప్పేది.

కుంట ఎన్నాళ్లుంటుంది?

నల్లగీత కంటే నమ్మకమైన లెక్క ఇంకొకటుంది. చెరువులోకి ఏ నేలమీది వాన వస్తుందో ఆ నేలను గుర్తించాలి. చెరువు చుట్టూ ఉన్న కొండల శిఖరాలను కలుపుతూ పెన్సిలుతో గీత గీయండి. ఆ గీతకు లోపల పడిన చినుకు ఇటు పారుతుంది, బయట పడినది అటు. లోపలి భాగం మీద గళ్లకాగితం పెట్టి చదరపు సెంటీమీటర్లు లెక్కపెట్టండి. నాలుగు చదరపు సెంటీమీటర్లు ఒక చదరపు కిలోమీటరు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్లు. అందులో చాలా భాగాన్ని నేల తాగేస్తుంది, కొంతే చెరువుకు చేరుతుంది.

చేరినది నిలుస్తుందా? మన సీమలో ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన. నీళ్లు నిలిచి ఉంటే ఎండా గాలీ తాగేసేది అంతకు రెండింతలు. కనుక పరిధి పెద్దదైనా లోతు లేని చెరువు ఎండాకాలం చూడదు. లోతైనది చూస్తుంది. గర్భం లోతుగా ఉండాలని పోరుమామిళ్ల శాసనం ఎందుకు చెప్పిందో ఇప్పుడు తెలిసిందా?

కాబట్టి చుట్టుదారి గీసేటప్పుడు దూరాన్ని బట్టి కాదు, నీళ్లను బట్టి మజిలీలు పెట్టండి. ప్రతి పది, పన్నెండు కిలోమీటర్లకూ తాగేనీరు దొరికే ఊరు ఒకటుండాలి. చెరువు చూడడానికి, ఊరు తాగడానికి. చెరువు నీళ్లూ చెలమ నీళ్లూ కాచకుండా తాగవద్దు. ఆనాడు మాకు వేరే గతి లేదు. ఇసుక మురికిని ఆపుతుంది గానీ క్రిములన్నిటినీ ఆపలేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈ యాత్రకు మంచికాలం. చెరువులు నిండి ఉంటాయి, ఎండ తగ్గి ఉంటుంది. తుఫాను కబురుంటే మాత్రం ఆగండి. వంకలు క్షణాల్లో పొంగుతాయి. ఇస్రో వారి భువన్ వంటి ఉపగ్రహ చిత్రాలు చూసి చెరువులో నీరుందా అని ఇంట్లోనే పోల్చుకోవచ్చు, అయితే ఆ చిత్రం ఏ నెల తీశారో చూడండి. ఫోను మీదే ఆధారపడకండి, కనుమల్లో సిగ్నలు ఉండదు. దారం పరచిన పటం జేబులో ఉండాలి.

అడవి సంగతి ఒకటి. నల్లమలలో చాలాభాగం రిజర్వు అడవి. 1983 నుంచి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం ఉంది. లంకమల కూడా అభయారణ్యమే. 1900 తరువాత కనపడక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ కడప ప్రాంతపు చిట్టడవిలోనే. అది రాత్రిపూట తిరిగే పిట్ట. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిబాటల్లోకి పోవద్దు. ఊళ్ల మధ్య బాటలతోనే చక్కని చుట్టుదారి గీయవచ్చు. పెద్దవాళ్లు ఒకరిద్దరు వెంట ఉండాలి. సాయంత్రం నాలుగుకల్లా తారురోడ్డు ఎక్కాలి. చెరువుల్లో దిగవద్దు, అడుగున ఒండ్రు ఎంతుందో పైకి తెలియదు.

అదే ఏడు డిసెంబరులో మళ్లీ వెళ్లాం. మనిషికి మూడు లీటర్లు. చిన్నవాడు కూడా వచ్చాడు, వాళ్ల నాన్నతో. ఆ కుంటలో ఈసారి నీళ్లు తళతళలాడుతున్నాయి. కట్ట మీది నుంచి గడకర్ర దించి చూస్తే 60 సెంటీమీటర్ల లోతు. రోజుకు అర సెంటీమీటరు ఆవిరయితే 120 రోజులు, అంటే ఏప్రిల్ నడుమ దాకా ఉంటుందని పిల్లలు లెక్క తేల్చారు. వాళ్లలో ఒకరి మేనత్తది ఆ పక్క ఊరే. వారానికోసారి గడకర్ర పెట్టి చూసి ఉత్తరం రాయమన్నాం.

శివరాత్రికి ముందే అడుగు బయటపడిందని ఉత్తరం వచ్చింది. పెద్దాయన మాటే నిలిచింది! పశువులు తాగినది తీసివేసినా, మా లెక్కలో చాలా నీరు తప్పిపోయింది. ఎక్కడికి పోయిందబ్బా అని తరగతిలో రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి చిన్నవాడే లేచి చెప్పాడు. “కిందికి ఇంకిపోయింది సార్. మనం వంకలో తాగినాం కదా, అవే ఆ నీళ్లు.”